బరువు చూసి కొన్న గిన్నె

మొన్న మండవల్లిలో బంధువుల ఇంట్లో గృహప్రవేశం. భోజనాల్లో పప్పు అయింది, కూరలయ్యాయి, పులిహోర రెండోసారి కూడా వచ్చింది. ఇంటాయన మేనల్లుడు కాబోలు, నడుముకి తువ్వాలు బిగించిన కుర్రాడొకడు గిన్నె పట్టుకుని నా ముందు వంగాడు.

"సత్తుగిన్నె చారండి. కాస్త వేయించుకోండి."

నేను అనుకోకుండానే నా చెయ్యి విస్తరికి అడ్డం పడింది.

"అదేవిటండీ, అందరూ దీనికోసమే చూస్తుంటే మీరు వద్దంటారేవిటండీ? మా పిన్నిగారు స్వయంగా కాచారండీ."

"వద్దు బాబూ. మజ్జిగ పోసెయ్యి."

పక్క విస్తరి పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. చారు వద్దన్న మనిషిని మా వాళ్లలో ఎవరూ నమ్మరు. నాకు మాత్రం ఆ వాసనకి మా దొడ్డమ్మ కళ్లముందు నిలబడింది. చారు కలపకుండానే భోజనం ముగించి లేచాను.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. ఏలూరులో ఉండేది. తాడేపల్లిగూడెం నుంచి నేను ఏ పనిమీద ఏలూరు వెళ్లినా ఆవిడ ఇంట్లో భోజనం చెయ్యకుండా రైలెక్కితే ఊరుకునేది కాదు. ఆ భోజనంలో కూర ఏదైనా కావచ్చు, చారు మాత్రం సత్తుగిన్నెలోదే. సత్తు అంటే తగరం. మా ఇళ్లలో చారుకి తగరపు గిన్నె ఉండి తీరాలి. పొయ్యి మీద ఖాళీగా పెడితే కరిగిపోతుంది కనుక ముందు నీళ్లో చింతపండు పులుసో పోసి ఆ తర్వాతే మంట పెట్టాలి. ఆ గిన్నెలో కాగిన చారుకి ఒక రుచి వస్తుందని మా అమ్మమ్మ చెప్పింది, దొడ్డమ్మ చెప్పింది, నేనూ పదిమందికి చెప్పాను.

ఆవిడ చారు వడ్డించదు, ఇస్తుంది. గ్లాసులో పోసి, పైన నేతిచుక్క వేసి, చీరకొంగుతో గ్లాసు పట్టుకొచ్చి చేతికిచ్చి, మొదటి గుక్క మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. మింగాక "ఊఁ?" అంటుంది. బాగుందని నోటితో చెబితే చాలదు, రెండో గ్లాసు అడగాలి. అడిగితే గిన్నెని రెండు అరచేతుల్లోనూ ఎత్తి, పసిపిల్లని ఆడించినట్టు ఒకసారి కిందికీ పైకీ ఆడించి, "పట్టుకో నాన్నా, బరువు చూడు. ఈ రోజుల్లో ఇలాంటి సరుకు ఎక్కడ దొరుకుతుంది?" అనేది. పట్టుకోనిచ్చేది కాదు గానీ. అది మడిగిన్నె. స్నానం చేసి తడిబట్టతో వచ్చినవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

ఆవిడకి లోకంలో అన్నిటిమీదా అనుమానమే. అంతకుముందు ఇంతలేదు. కొన్నేళ్ల కిందట ఒక శీతాకాలంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు, గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే వీళ్ల వీధిలో పాలు పోయడానికి వచ్చినతను దొడ్డమ్మ గుమ్మం ముందే సైకిలుతో సహా పడి కొట్టుకున్నాడు. నోట నురగ. దొడ్డమ్మ పరుగెత్తుకెళ్లి అతని గుప్పిట్లో తన తాళంచెవుల గుత్తి పెట్టి అదిమి పట్టుకుంది. మడీ లేదు, మైలా లేదు. అరుగుమీద నిలబడి మనవరాలు లాస్య అదంతా చూసింది. దానికప్పుడు నాలుగేళ్లు. నీళ్లన్నారు, కూరగాయలన్నారు, పురుగుమందులన్నారు, సీసం అన్నారు. పెద్దపెద్దవాళ్లు వచ్చారు, సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. అతను బతికాడు. దొడ్డమ్మ మనసులో మాత్రం ఆ భయం అలాగే ఉండిపోయింది.

అప్పట్నుంచీ కుళాయి మూతికి తెల్లగుడ్డ కట్టింది. వంకాయల్ని ఉప్పూ పసుపూ చింతపండూ కలిపిన నీళ్లలో నానబెట్టి, తుడిచి, వాసన చూసి, "ఏం మందు కొట్టారో" అని మళ్లీ కడిగేది. కొల్లేటి వైపు నుంచి వచ్చిన ధాన్యం అంటే ఒప్పుకునేది కాదు. "చేపల చెరువుల్లో వాళ్లు మందులన్నీ పోసే ఆ నీళ్లేగా చేలకి పారేవి!" చేపల లారీ వీధిలోంచి నీళ్లు కారుస్తూ పోతే బకెట్టుతో పసుపునీళ్లు చల్లేది. కొడుకు, అంటే మా అన్నయ్య, ఆకివీడులో చేపల మేత అమ్మే కంపెనీలోనే లెక్కలు రాస్తాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటేనే లోపలికి రానిచ్చేది. "కంటికి కనపడే మురికికి భయమెందుకురా, కడిగితే పోతుంది. కనపడనిదాన్ని ఏం చేసుకుంటాం?" అనేది. ఆ మాట పూర్తిగా నిజం. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

లాస్య ఆవిడ ప్రాణం. ఆ పిల్ల మాటలు రాగానే పద్యాలు అందుకుంది. పీట మీద నిలబెట్టి దొడ్డమ్మ ఒకసారి చదివితే చాలు, రెండోసారి పిల్ల చదివేది. వచ్చినవాళ్లందరి ముందూ చదివించి, చివర్న గ్లాసుడు చారు బహుమానం. "మా వంశంలో అందరికీ ధారణ ఉందిరా. నాకు తప్ప. నాకు చదువు చెప్పించలేదు కనుక" అని నవ్వేది. ఆ నవ్వులో కొంత ఏడుపు ఉండేది. మా తాతగారు కొడుకులకి చదువు చెప్పించి, కూతుళ్లకి గిన్నెలిచ్చారు. దొడ్డమ్మకి వచ్చిన గిన్నె అమ్మమ్మ సత్తుగిన్నె. ఆ పిల్లని చదివించాలని, స్టేజీ మీద నిలబెట్టాలని, తనకి జరగనిది దానికి జరగాలని ఆవిడ పట్టుదల. జీవితంలో ఆవిడ గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే అనుకుంటాను.

అమ్మమ్మ గిన్నె ఆ మరుసటి వేసవిలో కరిగిపోయింది. లాస్య తల్లి, మా వదిన, ప్రైవేటు స్కూల్లో టీచరు. బడి తొందరలో గిన్నె పొయ్యి మీద పెట్టి, పులుసు పోసేలోపు ఫోనొస్తే మాట్లాడుతూ మరిచిపోయింది. వచ్చి చూస్తే గిన్నె అడుగు లేదు, బర్నరు మీద వెండిముద్దలా పేరుకుంది. దొడ్డమ్మ ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత ఆ ముద్దని గుడ్డలో మూటగట్టి బజారుకి తీసుకెళ్లి, దాన్నిచ్చి కొత్త గిన్నె తెచ్చుకుంది. కొట్టువాడు నాలుగైదు ముందు పెట్టాడట. ఆవిడ ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసి, అన్నిటికంటే బరువైనది ఎంచుకుంది. "తేలిగ్గా ఉన్నవన్నీ రేకులురా, మోసం" అని నాకు చెప్పింది. బంగారమైనా వెండైనా మా ఇళ్లలో ఆడవాళ్లకి తెలిసిన పరీక్ష అదే. తగరం కంటే సీసం చాలా బరువు. వన్నె చూస్తే రెండిటికీ పెద్ద తేడా తెలియదు. ఈ సంగతి కొట్టువాడికి తెలుసో తెలీదో నాకిప్పటికీ తెలీదు.

ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. లాస్యకి కడుపునొప్పి అన్నారు, పురుగులన్నారు. రక్తం తక్కువన్నారు, ఖర్జూరాలు పెట్టారు. పిల్ల చిరాకు పడడం, పుస్తకం విసిరికొట్టడం మొదలుపెట్టింది. నేను వెళ్లినప్పుడు దొడ్డమ్మ అలవాటుగా పీట వేసింది. పిల్ల ఎక్కి నిలబడింది. మొదటి పాదం చెప్పింది. రెండో పాదానికి ఆగి నా చొక్కా గుండీలకేసి చూస్తూ ఉండిపోయింది. దొడ్డమ్మ అందించింది. పిల్ల మళ్లీ మొదటి పాదమే చెప్పింది.

"చెప్పవే, నిన్న చెప్పావుగా!"

"నిన్న చెప్పలేదు బామ్మా."

"చెప్పావే తల్లీ. అబద్ధాలాడకు."

చెవి మెలిపెట్టింది. పిల్ల ఏడ్చింది. స్కూల్లో వాళ్లు వదినని పిలిచి, శ్రద్ధ లేదు, వెనక బెంచీలో కూర్చోబెడుతున్నాం అన్నారట. వదిన కూడా టీచరే కనుక ఆ మాటకి అర్థం ఏమిటో ఆవిడకి తెలుసు. దొడ్డమ్మకి మాత్రం ఒకటే వైద్యం తెలుసు. మిరియాలు, జీలకర్ర ఎక్కువ వేసి, పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు. "చారు బుర్రని తేలిక చేస్తుంది. తాగవే తల్లీ, పద్యం అదే వస్తుంది." కంచే చేను మేసిందని సామెత. ఇక్కడ కంచెకే ఆ సంగతి తెలియదు, ఇంకా ఇంకా మేస్తోంది.

చివరికి విజయవాడలో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఒక్కొక్కటిగా అన్ని పరీక్షలూ చేయించి, రక్తంలో సీసం ఉందని తేల్చింది. అన్నయ్యనీ వదిననీ కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పిందట. ఎదిగే పిల్లల ఒంట్లో సీసం కాల్షియంలా వేషం వేసుకుని తిరుగుతుంది. ఎముకల్లో దాక్కుంటుంది, మెదడు కూడా దాన్ని మనదే అనుకుని లోపలికి రానిస్తుంది. నరాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చోట కూర్చుని ఆ కబురు ఆపేస్తుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుంటే సగం వైద్యం అయినట్టే, ఇంట్లో పిల్ల తినేవీ తాగేవీ ముట్టుకునేవీ అన్నీ పట్టుకురండి అంది.

అన్నీ కట్టారు. పసుపు, కారం, కాటుక, కుళాయినీళ్లు, క్యాను నీళ్లు, గోడమీద నుంచి గీరిన రంగు, బొమ్మలు, పెన్సిళ్లు, స్టీలు గిన్నెలు. దొడ్డమ్మే దగ్గరుండి మూటలు కట్టించింది. వదిన సత్తుగిన్నెకేసి చూస్తే, "అది మడిగిన్నె. ఎవరెవరి చేతుల్లోనో పడి, వాళ్లు గీకి, ఆసిడ్లు పోసి ఇస్తే మళ్లీ అందులో దేవుడికి ఎలా నైవేద్యం పెట్టను? అయినా నా చేతి చారు తాగి ఎవరైనా చెడ్డారా?" అంది. అన్నయ్య నోరెత్తలేదు. వాడెప్పుడూ ఎత్తలేదు.

వెళ్లిన వాటిలో ఏదీ తప్పు తేలలేదు. అప్పుడు వీధి మొత్తం అబ్బులు మీద పడింది.

అబ్బులుది ఎదురుగా బ్యాటరీల కొట్టు. ఆటోలవీ ఇన్వర్టర్లవీ బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టేవాడు. బ్యాటరీలో సీసం ఉంటుందని సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడికీ తెలిసిపోయింది. అతను దొడ్డమ్మ గుమ్మం కింద నిలబడి మాట్లాడడం నేను చూశాను.

"నేను సీసం కరిగించనండి అమ్మగారూ. ఛార్జింగే పెడతానండి. నా పిల్లలిద్దరూ ఆ కొట్లోనే పొర్లాడి పెరిగారండి. కావాలంటే ముందు వాళ్లకి పరీక్ష చేయించండి."

"నీ పిల్లల సంగతి నాకెందుకయ్యా? నా పిల్ల సంగతి చెప్పు. పద్యం వచ్చేది దానికి. ఒకసారి వింటే వచ్చేది."

"తెలుసండి. నేనూ విన్నానండి ఎదురింట్లో కూర్చుని."

"మరైతే నీకు జాలి లేదా?"

అతను కొట్లోకి వెళ్లిపోయాడు. దొడ్డమ్మ నెమ్మదస్తురాలు, ఎవర్నీ గట్టిగా అనని మనిషి. అలాంటి మనిషే ఇంటింటికీ తిరిగింది. కొట్టు యజమాని దగ్గరికి వెళ్లి కొంగు పట్టింది. అబ్బులు ఖాళీ చేసి కలిదిండి వెళ్లిపోయాడు. వీధిలో జనం పీడ వదిలిందన్నారు. ఆ ఖాళీ కొట్టు ముందు దొడ్డమ్మ పసుపునీళ్లు చల్లింది.

నెలలు గడిచాయి. విజయవాడలో మళ్లీ రక్తం తీశారు. సీసం తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది.

ఈసారి వదిన ఎవరితోనూ ఏమీ అనలేదు. ఏకాదశి రోజున దొడ్డమ్మ ఉపవాసం, పొయ్యి వెలిగించదు, గిన్నె జోలికి వెళ్లదు. ఆ రోజు వదిన స్కూలుకి సెలవు పెట్టి, సత్తుగిన్నెని తన క్యారేజీ సంచిలో పెట్టుకుని విజయవాడ బస్సెక్కింది. మర్నాడు ద్వాదశి పారణకి దొడ్డమ్మ గిన్నె కోసం వెతుకుతుంటే చెప్పింది. ఆ వారం ఫలితం వచ్చింది. అందులో తగరం ఉంది, పేరుకి. మిగతాదంతా సీసమే. రోజూ చింతపండు పులుసు పోసి మరిగించడం వల్ల కొంచెం కొంచెం చారులోకి దిగుతూ వచ్చింది.

కబురు విని నేను వెళ్లాను. దొడ్డమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"ఆ మిషన్ తప్పేమోరా" అంది నాతో.

"కాదు దొడ్డమ్మా."

తర్వాత వదినకి వినపడేలా అంది. "దాన్ని కరిగించకుండా ఉంటే కొత్తది కొనే పనే లేకపోయేది."

వదిన అత్తగారికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

"అవునండి అత్తయ్యగారూ. కరిగించింది నేనే. బరువు చూసి కొన్నది మీరండి. పంపద్దన్నదీ మీరేనండి."

దొడ్డమ్మ తలుపు పట్టుకుని లేవబోయింది. అప్పుడు గమనించాను, ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచో అలాగే ఉందట. వయసనుకుంది. తన రక్తం ఇవ్వడానికి మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. "నాదెందుకు, నాకేం పద్యాలు రావాలి?" అంది.

ఆ గిన్నె అమ్మిన కొట్టుకి వెళ్లాను నేను. కొట్టువాడు చాలా మర్యాదగా, "మేం చేసేది కాదండి, పైనుంచి వచ్చిన సరుకండి. మీరు చూసుకునే కదండీ తీసుకున్నారు" అన్నాడు. వెనక అరలో అలాంటి గిన్నెలు వరసగా ఉన్నాయి. ఆహార తనిఖీ ఆఫీసులో అర్జీ ఇస్తే, మందులూ తిండీ మేం చూస్తాం గానీ గిన్నెలు మా పరిధిలోకి రావండీ అన్నారు. ఎవరి పరిధిలోకి వస్తాయో అక్కడున్నవాళ్లెవరికీ తెలీదు. సీసం మాత్రం ఎవరి పరిధీ అడక్కుండా పిల్ల తలలోకి వెళ్లిపోయింది.

గిన్నెని ఏం చెయ్యాలో తోచలేదు ఎవరికీ. పాత సామాన్లవాడికి ఇస్తే కరిగించి మళ్లీ గిన్నె చేస్తారు. పారేస్తే ఎవరో ఏరుకుని వండుకుంటారు. దొడ్డమ్మ మేకూ సుత్తీ తెమ్మని, అన్నయ్య చేత దాని అడుగున చిల్లులు కొట్టించింది. మెత్తటి లోహం, మేకు సులువుగా దిగిపోయింది. పెరట్లో గోడవార బోర్లించింది. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

తర్వాత ఒకసారి నన్ను అడిగింది. "ఒరేయ్, కలిదిండి తీసుకెళ్తావా?" తీసుకెళ్లాను. అబ్బులు రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే మోటార్లు బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని, కుర్చీ వేశాడు. "పాప ఎలా ఉందండి?" అన్నాడు ముందుగా. దొడ్డమ్మ నాకేసి చూసింది. నేనే చెప్పాను జరిగింది.

చేతిలో గుడ్డ మడుస్తూ అన్నాడు అతను. "మా పిల్లలకి అప్పుడే రక్తం చూపించానండి. ఏం లేదన్నారండి. మీకు చెబుదామని వచ్చానండి అమ్మగారూ. మీరు తలుపు తియ్యలేదండి." కోపం లేదు అతని గొంతులో. ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. బయటి ఇంట నీళ్లు ముట్టని మనిషి, కొల్లేటి నీళ్లంటే హడలిపోయే మనిషి, ఆ గ్లాసుని ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తిపట్టుకుని, రెండు చేతులా అందుకుని, చివరిచుక్క దాకా తాగింది. అతను అర్థం చేసుకున్నాడో లేదో. క్షమించమని ఆవిడ అనలేదు. అతనూ మళ్లీ ఏలూరు రాలేదు.

చారు మానేశాక పిల్ల రక్తం నెమ్మదిగా మంచికొచ్చింది. డాక్టరమ్మ అదే చెబుతూ, రక్తం బాగుపడినంతగా మెదడు బాగుపడుతుందని నేను మాటివ్వలేనండి, పోయినదాంట్లో కొంత తిరిగొస్తుంది, కొంత రాదు అంది. మందులిచ్చారు, ఓపిగ్గా చదివించమన్నారు. లాస్యకి చిరాకు తగ్గింది. కడుపునొప్పి పోయింది. చెప్పింది నిలవకపోవడం మాత్రం పోలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఈ ఆఖరి సంగతి. రోజూ అన్నాలప్పుడు కూర కాగానే పిల్ల తలెత్తి అడిగేది.

"చారేది బామ్మా?"

నిన్న చెప్పారు, మొన్న చెప్పారు, దానికి గుర్తుండదు. వదిన మాట మార్చబోయేది. దొడ్డమ్మ చెయ్యెత్తి వద్దనేది. వాలిన ఆ చేత్తోనే. వడ్డన ఆపి, పిల్ల ఎదురుగా కూర్చుని, ఒకేలా, నెమ్మదిగా చెప్పేది.

"చారు లేదమ్మా. ఆ గిన్నె మంచిది కాదు, అందులో సీసం ఉంది."

"మరి నాకెవరు పెట్టారు?"

"నేనే పెట్టానమ్మా."

పిల్ల తలూపి మజ్జిగన్నం తినేది. మర్నాడు మళ్లీ అడిగేది. మళ్లీ అదే జవాబు. నేను ఉన్న రోజుల్లో కూడా విన్నాను. ఒకసారి కోపం ఆపుకోలేక, "ఎందుకు దొడ్డమ్మా ఈ శిక్ష? ఇంకేదైనా చెప్పొచ్చుగా" అన్నాను. "ఇంకేదైనా చెబితే అబద్ధం అవుతుంది నాన్నా. పిల్లని అబద్ధాలాడకని చెవి మెలిపెట్టాను" అంది. ఆవిడ మీద నాకు కోపం ఇంకా పోలేదు. ప్రేమా పోలేదు. రెండూ ఒకచోట ఎలా ఉంటాయో తెలీదు గానీ ఉన్నాయి.

నిరుడు ఆవిడ పోయింది. పన్నెండో రోజు భోజనాలకి బంధువులందరూ వచ్చారు. లాస్య నా పక్కన కూర్చుంది. పప్పు అయింది, కూర అయింది. వంటవాళ్లు స్టీలు బక్కెట్టుతో చారు తెచ్చారు. పిల్ల దానికేసి చూసి, వడ్డించేవాడి మొహంకేసి చూసి, పీట మీద నిటారుగా కూర్చుంది. ఎవరూ అడక్కుండానే, చిన్నప్పుడు పద్యం చదివినట్టు చేతులు కట్టుకుని, పంక్తి మొత్తానికి వినపడేలా మొదలుపెట్టింది.

"చారేది బామ్మా? చారు లేదమ్మా. ఆ గిన్నె మంచిది కాదు, అందులో సీసం ఉంది. మరి నాకెవరు పెట్టారు? నేనే పెట్టానమ్మా."

ఎక్కడా ఆగలేదు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. చెప్పడం అయ్యాక వాళ్ల బామ్మ చారు గ్లాసు పట్టుకొచ్చే వంటింటి గుమ్మంకేసి చూస్తూ కూర్చుంది.